తాలీమ్‌కి ముందు తాళం



పోయిన వారం మా మొహల్లా భాయ్ ఒకాయన నా జిరాక్స్ షాపుకు వచ్చాడు. కొడుకు డిగ్రీ రెండో ఏడు. "ఎథికల్ హ్యాకింగ్ కోర్సంట భాయ్, అరవై వేలు అడుగుతున్నాడు. కట్టమంటావా వద్దంటావా?" అని మష్వరా అడిగాడు. నేనేమన్నా ఇంజనీరునా? పాతికేళ్ళుగా కాగజ్‌లకు నకళ్ళు తీసి బతుకుతున్నవాణ్ణి. అయినా ఈ విషయంలో నాకొక రాయ్ ఉంది. చేతులు కాలాక వచ్చిన రాయ్ అది.

ఆయనకు ఇలా చెప్పాను: "ఫీజు కట్టే ముందు, ఇంట్లో మూలన పడున్న పాత లాప్‌టాప్ పిల్లోడి చేతికివ్వండి. దాన్ని ఆరు నెలలు సర్వర్‌గా నడిపించమనండి. నడిపిస్తే అప్పుడు కోర్సు సంగతి ఆలోచిద్దాం. కానీ ఒక షర్తు. ఆ సర్వర్ దర్వాజా బయటి దునియాకు తెరవకూడదు. తాళం వేయడం మొదటి పాఠం, మిగతా ఇల్మ్ అంతా దాని తర్వాతే."

ఈ షర్తు ఎందుకు పెట్టానో చెప్పాలంటే మా ఇంట్లో జరిగింది చెప్పాలి.

మాది కర్నూలు పాతబస్తీ. 2009 అక్టోబర్‌లో తుంగభద్రా హంద్రీ కలిసి ఊరి మీద పడ్డ సంగతి కర్నూలోళ్ళకు ఎవరూ యాద్ చేయక్కర్లేదు. మా ఇంట్లో నిలువెత్తు నీళ్ళు నిలిచాయి. సామాను పోతే మళ్ళీ కొనుక్కున్నాం. కాగజ్‌లు పోయాయి చూడండి, అవి రాలేదు. మా అబ్బా సర్వీసు కాగితాలు, నా పదో తరగతి మెమో, అమ్మీ నిఖానామా, పెళ్ళి ఫొటోలు అన్నీ బురద ముద్దలయ్యాయి. ఎండలో ఆరబెడితే ఒక్కో ఫొటో మీద మొహాలు పొరలు పొరలుగా ఊడొచ్చాయి. అప్పటికి మా బేటీ పసిపిల్ల.

ఇప్పుడు ఆ పిల్ల డిగ్రీ కంప్యూటర్స్ చదువుతోంది. రెండేళ్ళ కింద మా బావమరిది దుబాయ్ నుంచి వచ్చినప్పుడు తన పాత లాప్‌టాప్ ఒకటి వదిలి వెళ్ళాడు. స్క్రీన్ మూలన పగిలింది, కీబోర్డులో సగం మీటలు పనిచేయవు. పాత సామాను బండికి వేద్దామనుకుంటుంటే, "అబ్బా, అది నాకివ్వండి, సర్వర్ చేస్తా" అంది.

సర్వర్ అంటే ఏదో ఏసీ గదుల్లో బీరువాలంత మిషన్లు అనుకునేవాణ్ణి. కాదంట. అడిగినవాళ్ళకు అడిగింది ఇచ్చే కంప్యూటర్ ఏదైనా సర్వరే. చాయ్ హోటల్లో భట్టీ దగ్గర కూర్చున్న మనిషిలాగా. ఎవరు ఏ టేబుల్ నుంచి కేకేసినా చాయ్ పంపిస్తాడు. ఆ మనిషి పెద్ద హోటల్లో ఉన్నా, గల్లీ చివర బండి దగ్గర ఉన్నా చేసే పని ఒకటే. దుబాయ్ లాప్‌టాప్ కూడా మా ఇంట్లో అలాగే కూర్చుంది. స్క్రీన్ మూసేసి రౌటర్ పక్కన పెట్టి, తీగ తగిలించి, డెబియన్ అనే ముఫ్తు లినక్స్ ఎక్కించింది. ఒక్క పైసా ఖర్చా లేదు.

మొదట కివిక్స్ అనే దాంట్లో తెలుగు వికీపీడియా, ఉర్దూ వికీపీడియా మొత్తం దించి పెట్టింది. నెట్ పోయినా ఇంట్లో ఏ ఫోన్ నుంచైనా చదువుకోవచ్చు. తర్వాత తమ్ముడి కోసం కోలిబ్రీ పెట్టింది. ఖాన్ అకాడమీ లెక్కల పాఠాలు అందులో నెట్ లేకుండానే నడుస్తాయి. ఆ తర్వాతే అసలు పనిలో దిగింది. వరదలో మిగిలిన ప్రతి కాగజ్‌నూ నా షాపులో స్కాన్ చేసి అందులో దాచింది. ఆధార్లు, పాస్‌పోర్టులు, ఇంటి దస్తావేజులు, ఖాందాన్‌లో అందరి సర్టిఫికెట్లు, నిఖా ఫొటోలు.

ఇంకొకటి కూడా దాచింది. మా అమ్మీ గొంతు. అమ్మీకి ఢోలక్ గీతాలు చాలా వచ్చు. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ మధ్య కూర్చొని పాడేవి. వయసు డెబ్బై దాటింది, ఎన్నాళ్ళు పాడుతుందో తెలీదు కదా అని మనవరాలు పక్కన కూర్చొని ఒక్కోటి ఫోన్లో రికార్డు చేసింది. అమ్మీ ఒప్పుకుంది గానీ ఒక మాట తీసుకుంది: "ఘర్ కే లోగా సున్‌నా. బాహర్ నక్కో." ఇంట్లోవాళ్ళు వినండి, బయటికి వద్దు అని. నేను, నా కూతురు ఇద్దరం సరే అన్నాం. అంటే ఆ గొంతు మా దగ్గర అమానత్.

ఇక్కడే మా గలతీ జరిగింది.

కాలేజీలో ఉండగా కూడా సర్వర్ తెరిచి చూసుకోవాలని పిల్లకు శౌక్. అప్పుడు మా కనెక్షన్‌కి సొంత బయటి అడ్రస్ ఉండేది. ఒక వీడియో చూసి రౌటర్లో పోర్ట్ ఫార్వర్డింగ్ చేసింది. అంటే వీధిలోంచి ఎవరు తలుపు కొట్టినా నేరుగా ఆ లాప్‌టాప్ దగ్గరికి పంపించమని రౌటర్‌కు చెప్పింది. తన సహేలీ కూడా చూస్తానంటే 'టెస్ట్' అనే పేరుతో ఒక అకౌంట్ తెరిచింది. పాస్‌వర్డ్ 'టెస్ట్123'. "రెండు రోజులే కదా, తర్వాత తీసేస్తా" అనుకుంది.

జుమ్మా సాయంత్రం తెరిచింది. ఇత్వార్ తెల్లవారుజామున ఫజర్‌కు లేస్తే హాల్లో ఏదో గుయ్యిమని చప్పుడు. లాప్‌టాప్ ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతోంది. పైన చెయ్యి పెడితే పెనంలా కాలుతోంది. పిల్లను లేపాను. చూసి మొహం తెల్లబోయింది. ఎవరో లోపలికొచ్చి, మా కరెంటుతో మా మిషన్ మీద క్రిప్టో నాణేల లెక్కలు నడిపిస్తున్నారు. లాగ్ తెరిస్తే వేల పంక్తులు. రూట్, అడ్మిన్, ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ అని రకరకాల పేర్లతో ఒకటే తలుపు కొట్టుడు. చివరికి 'టెస్ట్' అనే పేరు పనిచేసింది.

కాగజ్‌ల ఫోల్డర్, అమ్మీ పాటల ఫోల్డర్ ఇంట్లో అందరూ చూసేలా పెట్టాం. కాబట్టి ఆ 'టెస్ట్' అకౌంట్‌కూ అవి కనిపిస్తాయి. వచ్చినవాడు వాటిని ఎత్తుకెళ్ళాడా, నాణేల పని తప్ప మరేదీ ముట్టలేదా? లాగ్‌లో ఆ జాడ దొరకలేదు. ఎత్తుకెళ్ళలేదని నేను ఖసమ్ వేసి చెప్పలేను. ఆ ఒక్క మాట నన్ను ఇప్పటికీ నిద్రలో పొడుస్తుంది.

గుస్సాలో నేనేం చేశానంటే, తీగలన్నీ పీకేసి, లాప్‌టాప్‌ను బీరువాలో పెట్టి తాళం వేసి చాబీ జేబులో వేసుకున్నాను. "చదువు చాలు, ఈ ఖేల్ వద్దు" అన్నాను. పిల్ల ఏడవలేదు, ఎదురు మాట్లాడలేదు. రెండు నెలలు కంప్యూటర్ మాటే ఎత్తలేదు. ఆ సైలెన్స్ నాకు భారమైంది.

అమ్మీకి చెప్పక తప్పదు కదా. ఒకరోజు ధైర్యం చేసి అంతా చెప్పాను. అమ్మీ చాలాసేపు తస్బీహ్ తిప్పుతూ కూర్చుంది. తర్వాత ఒకటే అంది: "పానీ ఆయా తో ఘర్ ఛోడ్ దియే క్యా?" నీళ్ళొచ్చాయని ఇల్లు వదిలేశామా? బురద ఎత్తిపోసి, కడిగి, అదే ఇంట్లో ఉన్నాం కదా అని. "పిల్లదాని చేతిలోంచి చాబీ నువ్వు లాక్కుంటే, అది తాళం వేయడం ఎప్పుడు నేర్చుకుంటుంది?"

నాకు జవాబు లేదు. బీరువా తెరిచాను.

ఇప్పుడు నా అసలు మాట. ఇలాంటిది జరిగినప్పుడు మన ఇళ్ళల్లో రెండు రకాలుగా ఆలోచిస్తాం. ఒకటి, "మన గల్లీ ఇల్లు ఎవడు చూస్తాడులే" అని తలుపులు బార్లా తెరిచి పెట్టడం. రెండోది, భయపడి మిషన్ మొత్తాన్నే బీరువాలో పెట్టేయడం. నేను రెండూ చేశాను. రెండూ గలతే.

మొదటిది ఎందుకు గలతీ అంటే, తలుపు కొట్టేవాడు మనిషి కాదు. మన పేరు, మన గల్లీ వాడికి అక్కర్లేదు. అవి ప్రోగ్రాములు. ఇంటర్నెట్‌లో పాత రకం అడ్రస్‌లు మొత్తం కలిపి దాదాపు 430 కోట్లు. 2013లో మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు జీమ్యాప్ అనే సాధనం తయారుచేసి, ఒకే కంప్యూటర్ నుంచి ఆ అడ్రస్‌లన్నిటి మీదా ఒక పోర్టును 45 నిమిషాల లోపే తట్టి చూడొచ్చని నిరూపించారు. అంటే దునియాలోని ప్రతి ఇంటి తలుపూ ముప్పావు గంటలో కొట్టి రావచ్చు. ఇంక మన గల్లీ చిన్నదైతేనేం, పెద్దదైతేనేం?

2016లో మిరాయ్ అనే ప్రోగ్రాం వచ్చింది. దాని దగ్గర పెద్ద అక్కలేమీ లేదు. ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్ పేర్లు, పాస్‌వర్డులు 60 పైచిలుకు జతలు ఒక జాబితాలా పట్టుకొని తిరిగేది. ఆ జాబితాతోనే లక్షల ఇళ్ళ కెమెరాల్లో, రౌటర్లలో దూరింది. ఆ అక్టోబర్‌లో వాటిలో చాలావాటిని ఒక్కసారిగా ఒక కంపెనీ మీదికి తోలితే, అమెరికాలో ఎన్నో పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి ఆగిపోయాయి. ఆ ప్రోగ్రాం రాసింది ఎవరో ముసలి చోర్‌లు కాదు. ఇరవై ఏళ్ళకు అటూ ఇటూగా ఉన్న కుర్రాళ్ళు ముగ్గురు. మైన్‌క్రాఫ్ట్ ఆట సర్వర్ల పోటీలో మొదలైంది వాళ్ళ వ్యవహారం. 2017 డిసెంబర్‌లో అమెరికా కోర్టులో జుర్మ్ ఒప్పుకున్నారు. హునర్‌కు పద్ధతి తోడు లేకపోతే ఎక్కడికి పోతుందో చూడండి.

రెండో గలతీ, మిషన్ దాచేయడం. ఈ పని నేర్చుకోవాలంటే చేతులతో చేయాల్సిందే. ఈత పుస్తకంలో చదివితే వస్తుందా? పిల్లలు ఎక్కడో ఒకచోట ప్రయోగం చేస్తారు. ఇంట్లో చోటివ్వకపోతే పక్కింటి వైఫై మీద చేస్తారు, కాలేజీ కంప్యూటర్ మీద చేస్తారు. అప్పుడది చదువు కాదు, జుర్మ్. ఐటీ చట్టం, 2000 ప్రకారం మాలిక్ ఇజాజత్ లేకుండా ఇంకొకరి కంప్యూటర్లో దూరడం 43వ సెక్షన్ కిందికి వస్తుంది. అదే దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద 3 ఏళ్ళ దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జుర్మానా, లేదా రెండూ పడొచ్చు. "ఊరికే చూశానంతే" అన్న మాట స్టేషన్లో ఎంత పనిచేస్తుందో మీరే సోచాయించండి.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పుకుందాం. మన ఇళ్ళల్లో "పిల్లోడు హ్యాకింగ్ నేర్చుకుంటున్నాడు" అంటేనే అమ్మలకు గుండె జారుతుంది. పేరు చూసి ఎవరేమనుకుంటారో అన్న ఫికర్ అది. ఆ ఫికర్ ఉత్తిదని నేననను. దానికి ఇలాజ్ చదువు మానిపించడం కాదు. సొంత ఇంట్లో, సొంత మిషన్ మీద, పెద్దలకు తెలిసి నేర్చుకోనివ్వడం. మన తాళం మనం పగలగొట్టి చూస్తే పాఠం. పక్కింటి తాళం ముట్టుకుంటే చోరీ. ఈ తేడా ఏ కోర్సు కన్నా ముందు ఇంట్లో చెప్పాల్సింది మనమే.

సరే, తాళం ఎలా వేయాలి? రెండోసారి మా బేటీ చేసిన పద్ధతి, నాకర్థమైనంత మేరకు చెబుతాను. ముందుగా పాత డిస్కు మొత్తం తుడిచేసి కొత్తగా మొదలుపెట్టింది. ఒకసారి చోర్ తిరిగిన ఇంట్లో ఏ మూలన ఏం దాచి వెళ్ళాడో తెలీదు. వెతికి శుభ్రం చేయడం కన్నా కొత్తగా కట్టుకోవడమే భరోసా. అందులో వాడిన పాస్‌వర్డులన్నీ మార్చాం.

మొదటి తాళం రౌటర్‌కు. డబ్బా మీద అచ్చేసి వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాలి. పోర్ట్ ఫార్వర్డింగ్‌లో ఏమున్నా తీసేయాలి. యూపీఎన్‌పీ అని ఒకటి ఉంటుంది. ఇంట్లో ఏ వస్తువైనా రౌటర్‌ను అడిగి తనంతట తానే బయటికి దర్వాజా తెరుచుకునే సదుపాయం. అదీ బంద్ చేయాలి. ఇప్పుడు చాలా కంపెనీలు ఎన్నో ఇళ్ళకు కలిపి ఒకే బయటి అడ్రస్ ఇస్తున్నాయి కాబట్టి మనకేం భయం లేదని కొందరంటారు. కానీ అదే కనెక్షన్‌లో ఐపీవీ6 అనే కొత్త రకం అడ్రస్ ఉంటే, అది ఇంట్లో ఒక్కో వస్తువుకూ విడిగా వస్తుంది. రౌటర్లో దాని ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

రెండోది, పాస్‌వర్డ్ బదులు చాబీ. సర్వర్‌లోకి వెళ్ళే దారిని ఎస్‌ఎస్‌హెచ్ అంటారు. దాని పుట్టుకే ఒక చోరీతో ముడిపడి ఉంది. 1995లో ఫిన్లాండ్‌లో తన యూనివర్సిటీ నెట్‌వర్క్ మీద ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డులు దొంగిలిస్తే, తాతూ యులోనెన్ అనే పరిశోధకుడు అలాంటిది మళ్ళీ జరగకూడదని దాన్ని రాశాడు. దెబ్బ తిన్నాక మిషన్ బీరువాలో పెట్టుకోకుండా తాళం తయారుచేశాడన్నమాట. ఇందులో పాస్‌వర్డ్ పూర్తిగా బంద్ చేసి, చాబీ ఫైలు ఉన్న కంప్యూటర్‌నే లోపలికి రానివ్వొచ్చు. అప్పుడు తలుపు కొట్టేవాడు లక్ష పాస్‌వర్డులు చెప్పినా ఫాయిదా లేదు. చాబీ ఫైలుకు కూడా ఒక రహస్య వాక్యం పెట్టాలి. ఫోన్ పోయినా ఆ వాక్యం తెలియనివాడికి చాబీ పనిచేయదు.

మూడోది, బయట ఉన్నప్పుడు లోపలికి ఎలా రావాలి? వైర్‌గార్డ్ అనే దాంతో రావాలి. 2020లో లినక్స్ కెర్నెల్‌లోనే కలిసిపోయింది. దీనికోసం రౌటర్లో ఒకే ఒక్క చిన్న ఖిడ్కీ తెరవాలి. సరైన చాబీ లేనివాడు కొడితే అది జవాబే ఇవ్వదు. లోపల ఎవరూ లేనట్టే ఉంటుంది. ఉమ్మడి అడ్రస్ ఉన్న కనెక్షన్లలో ఆ ఖిడ్కీ కూడా తెరవలేరు. వాళ్ళు టెయిల్‌స్కేల్ లాంటివి వాడుకోవచ్చు. కానీ "ఒక్క కమాండ్‌తో మీ సర్వర్‌ను దునియా మొత్తానికి చూపించండి" అనే టన్నెల్ సర్వీసులు ఉంటాయి. అవీ దర్వాజాలే అని పిల్లలకు చెప్పండి.

నాలుగోది అన్నిటికన్నా జరూరీ. నేర్చుకునే చోటు, అమానత్ దాచే చోటు ఒకటి కాకూడదు. మా పాత ఇళ్ళల్లో వీధి వైపు దీవాన్‌ఖానా ఉండేది. వచ్చినవాళ్ళు అక్కడే కూర్చునేవాళ్ళు. చాయ్ అక్కడికే వెళ్ళేది. దాని వెనక పర్దా, ఆ వెనక జనానా. మెహమాన్ ఎంత మంచివాడైనా పర్దా దాటి రాడు. నెట్‌వర్క్ కూడా అలాగే కట్టాలంటుంది మా పిల్ల. ప్రయోగాలన్నీ ఇప్పుడు వేరే మిషన్ మీద, రౌటర్లోని గెస్ట్ నెట్‌వర్క్ మీద చేస్తుంది. పగలగొట్టి చూసుకోవడానికి బలహీనమైన సిస్టమ్‌లు కావాలంటే, ఒకే కంప్యూటర్ లోపల నకిలీ కంప్యూటర్లు సృష్టించి, వాటికి బయటి నెట్ అస్సలు తగలకుండా ఉంచుతుంది. ఖాందాన్ కాగజ్‌లు, అమ్మీ పాటలు మాత్రం వేరే డిస్కులో, వేరే మిషన్లో. వాటిని చూసే అకౌంట్లు కూడా మనిషికొకటి. 'టెస్ట్' లాంటి అనామకులకు ఆ గదిలోకి దారి లేదు.

ఐదోది, అప్‌డేట్లు. 2017 మే నెలలో వనాక్రై అనే వైరస్ దునియా అంతటా కంప్యూటర్లకు తాళాలు వేసి డబ్బులడిగింది. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయని అప్పట్లో పేపర్లలో చదివాం. అది దూరిన కంతకు మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే మరమ్మతు ఇచ్చింది. వేసుకోనివాళ్ళు మునిగారు. డెబియన్‌లో భద్రతా అప్‌డేట్లు వాటంతట అవే పడేలా పెట్టుకోవచ్చు. ఐదు నిమిషాల పని.

ఆరోది, వేసిన తాళం లాగి చూడటం. ఇంటి వైఫై ఆపేసి, ఫోన్ డేటాతో బయటివాడిలా మన అడ్రస్‌ను తట్టి చూడాలి. ఏది తెరిచుందో తెలుస్తుంది. లాప్‌టాప్‌లోనే యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ పెట్టి అన్నీ మూసేశానని మా పిల్ల అనుకుంది. కానీ డాకర్‌లో నడిపే సర్వీసులకు పోర్టు ప్రకటిస్తే, డాకర్ ఆ ఫైర్‌వాల్‌ను దాటి తన దారి తానే తెరుస్తుందంట. ఇంట్లోనే ఇంకో కంప్యూటర్ నుంచి తట్టి చూస్తే బయటపడింది. నమ్మకం వేరు, లాగి చూడటం వేరు.

ఆఖరుది, వరద పాఠం. ఒకేచోట ఉన్నది ఉన్నట్టు కాదు. మూడు నకళ్ళు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి ఇంటి బయట. ఇది కంప్యూటర్ వాళ్ళ పాత నియమం. మా మూడో నకలు నంద్యాలలో పిల్లల ఖాలా ఇంట్లో ఒక హార్డ్ డిస్కులో ఉంది. డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటుంది కాబట్టి ఎవరి చేతిలో పడ్డా అది చాబీ లేని సందూఖ్. మూడు నెలలకోసారి దాన్ని తెచ్చి కొత్తవి ఎక్కించి, పాతవి నాలుగు తెరిచి చూస్తాం. తెరిచి చూడని బ్యాకప్ మీద భరోసా పెట్టుకోకూడదు. 2009లో ఈ అక్కల్ ఉంటే మా అబ్బా మొహం ఇవాళ ఫొటోలో చూసుకునేవాణ్ణి.

ఖర్చా హిసాబ్ అడుగుతారు కదా. మా లాప్‌టాప్ దాదాపు 20 వాట్లు తింటుంది. రోజంతా నడిచినా నెలకు 14, 15 యూనిట్లు. కరెంటు పోతే దాని బ్యాటరీయే కాసేపు ఆదుకుంటుంది. కానీ పాత బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే వెంటనే తీయించేయండి, అందులో మంట అంటుకునే ఖత్రా ఉంది. హార్డ్ డిస్కులకు కొంత ఖర్చా అయ్యింది. అంతా కలిపినా మా మొహల్లా భాయ్ చెప్పిన అరవై వేలల్లో చిన్న ముక్క.

"ఇంత తక్‌లీఫ్ ఎందుకు భాయ్, అన్నీ గూగుల్ డ్రైవ్‌లో వేసుకుంటే పోలా?" అని అడిగేవాళ్ళు ఉంటారు. సచ్ చెప్పాలంటే, ఫొటోలు భద్రంగా ఉంటే చాలు, నేర్చుకునే శౌక్ ఇంట్లో ఎవరికీ లేదంటే, అదే మంచిది. గట్టి పాస్‌వర్డ్ పెట్టి, రెండంచెల తనిఖీ ఆన్ చేసుకోండి. సర్వర్ పెంచడమంటే మేకను సాకడం లాంటిది. కొన్నాం కదా అని వదిలేస్తే బతకదు. వారం వారం చూసుకోవాలి. ఎవరూ చూసుకోని సర్వర్ కన్నా అసలు లేకపోవడమే నయం. నేను చెప్పేది నేర్చుకునే పిల్లలున్న ఇళ్ళ గురించి. ఐపీ అడ్రస్ అంటే ఏంటి, ఫైర్‌వాల్ ఎందుకు, లాగ్ ఎలా చదవాలి, చెడిపోతే ఎలా నిలబెట్టాలి, ఇవన్నీ పిల్ల తన ఇంటి ఇజ్జత్ పణంగా ఉందని తెలిసి నేర్చుకుంటే, పరీక్ష కోసం బట్టీ కొట్టినదానికీ దీనికీ ఎంత ఫరఖ్ ఉంటుందో నేను కళ్ళారా చూశాను.

ఇంకొందరు, "ఆడపిల్లకు ఈ తీగలూ డబ్బాలూ ఎందుకు" అంటారు. ఇంటి చాబీలు ఎప్పుడూ ఆడవాళ్ళ కొంగునే కదా ఉన్నాయి! బియ్యం డబ్బా నుంచి నగల పెట్టె దాకా హిఫాజత్ వాళ్ళదే. ఈ కొత్త చాబీ ఒక్కటి మగవాళ్ళ జేబులో ఎందుకుండాలి? ఇంట్లో కూర్చొని, పర్దాలో ఉంటూ కూడా నేర్చుకోగల హునర్ ఇది. ఇంతకన్నా మంచి మౌఖా ఏముంది?

మా షాపులో ఇప్పుడొక కొత్త ఆదత్ వచ్చింది. జనం వాట్సాప్‌లో పంపే ఆధార్లు, మార్కుల మెమోలు ప్రింటు తీసి ఇచ్చాక, వాళ్ళ ముందే ఫైల్ తుడిచేస్తాను. ఇది కూడా మా పిల్ల పెట్టిన ఖాయిదానే. "అబ్బా, మన అమానత్ పోయినప్పుడు మనకెంత నొప్పి పుట్టింది? వాళ్ళదీ అంతే" అంది. పాతికేళ్ళు ఈ పని చేస్తున్న నాకు ఆ ఖయాల్ ముందే రాలేదు. సర్వర్ నేర్పిన తాలీమ్‌లో నాకు దక్కిన భాగం ఇది.

అమ్మీ మళ్ళీ పాడింది. పాత రికార్డులు ఉన్నాయి కానీ, "అవి ఎవరు విన్నారో ఏమో, ఇవి మీ కోసం" అని ఇంకో నాలుగు కొత్తవి పాడించుకుంది. పాడే ముందు మనవరాల్ని ఒకటే అడిగింది, "తాలా లగాయీ క్యా?" అని. పిల్ల ఫోన్ డేటాతో తట్టి చూపించింది. ఏమీ తెరుచుకోలేదు. అప్పుడు ఢోలక్ అందుకుంది.

కాబట్టి నా రాయ్ ఇదే. పిల్లలు అడిగితే పాత లాప్‌టాప్ ఇవ్వండి. పగలగొడితే పగలగొట్టనివ్వండి, చెడగొడితే మళ్ళీ కట్టుకోనివ్వండి. కానీ మొదటి రోజు కూర్చోబెట్టి ఒక ప్రశ్న అడగండి: "బేటా, దీంట్లో ఎవరెవరి అమానత్ ఉండబోతోంది? దానికి తాళం ఎక్కడ?" జవాబు చెప్పగలిగితే సగం చదువు అయిపోయినట్టే. గలతీ జరిగితే గుస్సా చేయండి, మీ హక్. నాలాగా బీరువా చాబీ మాత్రం తిప్పకండి. ఆ రెండు నెలలు మా పిల్లకు నేను బాకీ ఉన్నాను.

దువాల్లో యాద్ ఉంచుకోండి. ఖుదా హాఫిజ్.